పాత ఆటోపైలట్‌ను కొత్త నెట్‌వర్క్‌కు కలపడం: ముందు దిక్సూచి సంగతి తేల్చండి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మీ పడవలోని ఆటోపైలట్ పాతది, దానికి ఎన్‌ఎంఈఏ 0183 (పడవ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పాత పద్ధతి) పోర్టు మాత్రమే ఉంది. కొత్త చార్ట్‌ప్లాటర్‌కు (పటం మీద మార్గం చూపే తెరకు) దాని తర్వాతి పద్ధతి ఎన్‌ఎంఈఏ 2000 తప్ప మరో భాష రాదు. రెండింటి మధ్య తర్జుమా చేసే ఒక గేట్‌వే పెట్టారు. ప్లాటర్‌తో పాటు కొత్త ఎలక్ట్రానిక్ దిక్సూచి కూడా కొన్నారు కాబట్టి, ఆటోపైలట్ పాత దిక్సూచిని విప్పి పక్కన పెట్టి, కొత్తదాని రీడింగును గేట్‌వే మీదుగా పంపుతున్నారు. ఇప్పుడు రెండు ఇబ్బందులు వచ్చాయి. ప్లాటర్ మార్గం వెంట నడిపే ట్రాక్ మోడ్ నొక్కితే చాలాసార్లు 'డేటా లేదు' అంటోంది. అందుకున్న కాసేపు కూడా పడవ పాములా మెలికలు తిరుగుతూ పోతోంది.

నా సలహా ఇది. పక్కన పెట్టిన పాత దిక్సూచిని మళ్ళీ ఆటోపైలట్ కోర్సు కంప్యూటర్‌కే నేరుగా బిగించండి. గేట్‌వేకు ఒకే ఒక్క పని అప్పగించండి: ప్లాటర్ లెక్కగట్టిన మార్గం వివరాలను ఆటోపైలట్‌కు చేరవేయడం. మెలికలు మొదటి మార్పుతో పోతాయి, 'డేటా లేదు' అన్నది రెండోదానితో తేలుతుంది. కారణాలు కాస్త వివరంగా రాస్తాను. అవి తెలియకుండా తీగలు మాత్రమే మారిస్తే, మరో పరికరం చేర్చిన రోజున మళ్ళీ ఇక్కడికే వస్తారు.

ఆటోపైలట్ చేసే పని ఒక చిన్న వలయం. పడవ ముక్కు ఎటు ఉందో దిక్సూచి చెబుతుంది. కోర్సు కంప్యూటర్ దాన్ని మీరు కోరిన దిశతో పోల్చి, చుక్కానిని ఎటు, ఎంత తిప్పాలో నిర్ణయిస్తుంది. మోటారో హైడ్రాలిక్ పంపో ఆ పని చేస్తుంది. చుక్కాని దగ్గరున్న సెన్సర్ 'ఇంత తిరిగింది' అని కబురు పంపుతుంది. పడవ తిరుగుతుంది, దిక్సూచి మళ్ళీ చెబుతుంది. ఇదంతా సెకనుకు చాలాసార్లు జరగాలి. ఈ వలయంలో ఎక్కడ ఆలస్యం చొరబడినా పడవ మెలికలు తిరుగుతుంది.

1922లో నికొలాస్ మినోర్‌స్కీ నౌకలను యంత్రంతో నడిపించడం గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నేటి నియంత్రణ శాస్త్రానికి అది పునాదిరాళ్ళలో ఒకటి. చేయి తిరిగిన సరంగు చుక్కాని పడితే మూడు విషయాలు చూస్తాడు: దిశ ఎంత తప్పింది, ఎంత వేగంగా తప్పుతోంది, ఎంతసేపటి నుంచి ఒకే పక్కకు తప్పుతూ వస్తోంది. మీ ఆటోపైలట్ సెట్టింగుల్లో 'గెయిన్', 'కౌంటర్ రడ్డర్', 'ఆటో ట్రిమ్' అని కనబడేవి ఈ మూడే. ఇందులో రెండోది చాలా సున్నితమైనది. తప్పే వేగం తెలియాలంటే దిక్సూచి రీడింగులు వెంటవెంటనే, సమానమైన వ్యవధిలో అందాలి. ఎన్‌ఎంఈఏ 2000లో దిశను తెలిపే 127250 నంబరు సందేశం మామూలుగా సెకనుకు పదిసార్లు రావడం అందుకే.

ఇప్పుడు ఆ పది రీడింగులను మీ పాత 0183 తీగలోకి ఎక్కించి చూద్దాం. ఆ తీగ వేగం సెకనుకు 4800 బిట్లు. ఒక్కో అక్షరానికి మొదలు, ముగింపు గుర్తులతో కలిపి పది బిట్లు పడతాయి. అంటే సెకనుకు 480 అక్షరాలు, అంతకు మించి ఒక్కటి కూడా పోదు. దిశ తెలిపే వాక్యం (0183లో ఒక్కో సందేశాన్ని వాక్యం అంటారు) సుమారు 30 అక్షరాలు, పదిసార్లంటే 300. మార్గం తెలిపే ఏపీబీ వాక్యం 65 వరకు, స్థానం తెలిపే ఆర్‌ఎంసీ 70 వరకు, గమ్యం వివరాల ఆర్‌ఎంబీ మరో 70. మొత్తం 505. గాలి, లోతు, నీటి వేగం ఇంకా మొదలే కాలేదు, తీగ అప్పుడే నిండిపోయింది. గేట్‌వే అప్పుడేం చేస్తుంది? వాక్యాలను వరుసలో నిలబెడుతుంది, లేదంటే కొన్నింటిని వదిలేస్తుంది. రెండింటిలో ఏది జరిగినా ఆటోపైలట్‌కు అందేది పాతబడిన దిశే.

వెనక నుంచి అలలు తోస్తున్నప్పుడు పడవ సెకనుకు ఐదు డిగ్రీలు తిరగడం వింతేమీ కాదు. దిక్సూచి మాట అర సెకను ఆలస్యమైతే ఆటోపైలట్ రెండున్నర డిగ్రీల వెనకటి లోకాన్ని చూస్తోందన్నమాట. పడవ అప్పటికే సరైన దిశకు వచ్చేసినా 'ఇంకా రాలేదు' అనుకుని చుక్కానిని అలాగే పట్టి ఉంచుతుంది. పడవ అవతలికి దాటిపోతుంది. తర్వాత అటు నుంచి ఇటు. మీరు చూస్తున్న మెలికలు ఇవే. ఇది గెయిన్ తగ్గించినంత మాత్రాన పోయేది కాదు. తగ్గిస్తే మెలికలు బద్ధకంగా, వెడల్పుగా మారతాయి, అంతే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. దిక్సూచి, కోర్సు కంప్యూటర్, చుక్కాని సెన్సర్, మోటారు ఒక ఇల్లు. వాటి మధ్య తీగలు సొంతవై ఉండాలి. నెట్‌వర్క్ రచ్చ. అది వచ్చి సలహా చెప్పవచ్చు, కానీ అది కుప్పకూలినా ఇల్లు నిలబడాలి. ప్లాటర్ ఆగిపోయినా, గేట్‌వే కాలిపోయినా, ఉపగ్రహ స్థాన సమాచారం పోయినా, పడవ మీరు చెప్పిన దిశలో తిన్నగా పోతూనే ఉండాలి. నేను ఏ పడవలో పని మొదలుపెట్టినా కేబుళ్ళ బొమ్మ ముందుంచుకుని మొదట చూసేది దీన్నే. ఇందులో రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాత దిక్సూచిని తిరిగి బిగించేటప్పుడు దాని చోటు మీద శ్రద్ధ పెట్టండి. స్పీకర్లు, మోటార్లు, ఇనుప వస్తువులు, ఎక్కువ కరెంటు పారే తీగల నుంచి కనీసం ఒక మీటరు దూరం ఉండాలి. పడవ ఊగే చోటు కాకుండా, మధ్య భాగంలో, కిందికి ఉంటే మంచిది. దగ్గరలో తప్పనిసరిగా వెళ్ళే కరెంటు తీగలుంటే ప్లస్, మైనస్ రెండింటినీ కలిపి మెలిపెట్టండి. వాటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి చాలా వరకు రద్దు చేసుకుంటుంది.

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. రెండు రోజులు చక్కగా నడిచిన ఆటోపైలట్ మూడో రోజు తెల్లవారుజామున ఉన్నట్టుండి పదిహేను డిగ్రీలు పక్కకు పోవడం మొదలుపెట్టింది. తెర మీద దిశ సరిగానే కనబడుతోంది, చేతి దిక్సూచి మాత్రం వేరే చెబుతోంది. తీగలన్నీ పట్టి చూశాను, ఫ్యూజులు చూశాను, కోర్సు కంప్యూటర్ మూత కూడా విప్పాను. చివరికి దిక్సూచి బిగించిన పలక వెనకవైపు అల్మారా తలుపు తీస్తే, లోపల ఇనుప పనిముట్ల పెట్టె ఉంది. రాత్రి పడవ ఊగుతుంటే అది జారి చప్పుడు చేస్తోందని మాలో ఒకరు తెచ్చి అక్కడ ఇరికించారు. దిక్సూచికి, ఆ పెట్టెకు మధ్య ఉన్నది వేలెడు మందం చెక్క. పెట్టెను తీసి నడవలో పెట్టగానే తెర మీది అంకె నా కళ్ళ ముందే జరుగుతూ వెళ్ళి చేతి దిక్సూచితో కలిసింది. అప్పటి నుంచి దిక్సూచి ఉన్న పలకకు అవతలి వైపు కూడా 'ఇనుము పెట్టరాదు' అని చీటీ అంటిస్తున్నాను. మీరూ అంటించండి.

బిగించాక నిశ్చలమైన నీటిలో, నెమ్మదిగా, ఒక్కో చుట్టుకు రెండు నిమిషాలకు తగ్గకుండా తిప్పుతూ కాలిబ్రేషన్ చేయండి. పరికరం చూపే విచలనం (చుట్టూ ఉన్న ఇనుము, కరెంటు వల్ల దిక్సూచిలో వచ్చే తప్పు) 15 డిగ్రీలు దాటితే అంకెలతో సర్దకుండా చోటు మార్చండి. ఆ తర్వాత నెట్‌వర్క్‌ను పూర్తిగా ఆపి, ఒక గంట దిశ మోడ్‌లో (దిక్సూచి దిశను మాత్రమే పట్టి) నడపండి. మెలికలు అప్పటికీ ఉంటే తప్పు నెట్‌వర్క్‌ది కాదు: గెయిన్ ఎక్కువై ఉండాలి, చుక్కాని లంకెల్లో వదులు ఉండాలి, లేదా హైడ్రాలిక్ గొట్టాల్లో గాలి చేరి ఉండాలి. ఇక్కడ తిన్నగా నడిచేదాకా తర్వాతి అంచెకు వెళ్ళకండి.

ఇక 'డేటా లేదు' సంగతి. ట్రాక్ మోడ్‌కు పాత ఆటోపైలట్ ఎదురుచూసేది ఎక్కువగా ఏపీబీ వాక్యం కోసం. కొన్ని నమూనాలకు ఆర్‌ఎంబీ లేదా మార్గం నుంచి ఎంత తప్పామో చెప్పే ఎక్స్‌టీఈ చాలు. మీ మాన్యువల్‌లో 'స్వీకరించే వాక్యాలు' అన్న పట్టిక ఉంటుంది, అదే ప్రమాణం. గేట్‌వే నుంచి వచ్చే తీగను కంప్యూటర్‌కు తగిలించి చూస్తే ఏపీబీ ఇలా కనబడుతుంది: డాలరు గుర్తు, పంపేవారి రెండక్షరాల గుర్తు, ఏపీబీ, ఆపైన కామాలతో ఏ, ఏ, 0.05, ఎల్, ఎన్, వి, వి, 087, ఎం, గమ్యం పేరు, 085, ఎం, 085, ఎం, చివర నక్షత్రం గుర్తు, దాని వెనక రెండక్షరాల తనిఖీ సంఖ్య.

దీన్ని ఒక్కసారి నెమ్మదిగా చదవడం నేర్చుకుంటే సగం చిక్కులు మీరే విప్పుకోగలరు. మొదటి రెండు 'ఏ'లు సమాచారం నమ్మదగినదని చెబుతున్నాయి. వాటి స్థానంలో 'వి' ఉంటే ఆటోపైలట్ మిగతాది చూడదు. 0.05, ఎల్, ఎన్ అంటే పడవ మార్గం నుంచి నాటికల్ మైలులో ఇరవయ్యో వంతు, సుమారు 93 మీటర్లు తప్పింది, ఎడమకు తిప్పాలి అని. తర్వాతి రెండు 'వి'లు గమ్య వలయంలోకి ఇంకా చేరలేదు, గమ్యాన్ని ఇంకా దాటలేదు అన్న గుర్తులు. ఇక్కడ 'వి' మామూలే, కంగారు పడకండి. 087 బయలుదేరిన చోటు నుంచి గమ్యానికి దిశ. మొదటి 085 ఇప్పుడున్న చోటు నుంచి గమ్యానికి దిశ, రెండోది పట్టవలసిన దిశ. 'ఎం' అంటే అయస్కాంత ఉత్తరం నుంచి కొలిచినది, అదే చోట 'టి' ఉంటే నిజ ఉత్తరం నుంచి.

ఆ ఎం, టి తేడా చిన్నదని వదిలేయకండి. మీ ఆటోపైలట్ దిక్సూచి అయస్కాంత ఉత్తరాన్ని చూస్తుంది. ప్లాటర్ నిజ ఉత్తరం లెక్కన దిశ పంపి, ఆటోపైలట్‌కు ఆ ప్రాంతపు దిక్పాతం (నిజ, అయస్కాంత ఉత్తరాల మధ్య తేడా) తెలియకపోతే, ఉన్న తేడా అంతా తప్పుగా మారుతుంది. పడవ మార్గానికి ఎప్పుడూ ఒకే పక్కన, సమాంతరంగా సాగుతుంటే మొదట అనుమానించవలసింది దీన్ని. ప్లాటర్‌లో దిశలను అయస్కాంత పద్ధతికి మార్చి చూడండి.

అసలు ఏపీబీయే రాకపోతే? మొదట ప్లాటర్‌లో నిజంగా ప్రయాణం మొదలుపెట్టారో లేదో చూసుకోండి. తెర మీద మార్గం గీత గీస్తే చాలదు. 'ఇక్కడికి వెళ్ళు' అనో 'మార్గం ప్రారంభించు' అనో నొక్కాలి. అది నొక్కేదాకా ప్లాటర్ నెట్‌వర్క్‌లోకి 129283 నంబరు మార్గచ్యుతి సందేశాన్ని గానీ, 129284 నంబరు గమ్యం సందేశాన్ని గానీ పంపదు. అవి లేకపోతే గేట్‌వే ఏపీబీని ఎక్కడి నుంచి తయారు చేస్తుంది? జెట్టీ దగ్గర పరీక్షించేవారు ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. రెండోది, గేట్‌వే సెట్టింగుల్లో ఏ వాక్యాలు పంపాలో ఎంచుకునే చోట ఏపీబీకి అనుమతి ఉండాలి. అక్కడ ఉన్నప్పుడే మిగతావన్నీ ఆపేయండి. ఏపీబీ, ఆర్‌ఎంసీ చాలు. తెరచాప పడవ అయి, గాలి కోణం పట్టి నడిపే మోడ్ వాడతారనుకుంటే ఎండబ్ల్యూవీ చేర్చండి. అంతకు మించి పాత తీగ మీద బరువు వద్దు.

మూడోది వేగం. గేట్‌వే 38400లో మాట్లాడుతూ ఆటోపైలట్ 4800లో వింటుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే. రెండు చివరలా 4800 ఉండాలి. నాలుగోది తీగల జత. పంపేవైపు ఏ, బీ. వినేవైపు ఏ, బీ. కొందరు తయారీదారులు ప్లస్, మైనస్ అని రాస్తారు. తారుమారైతే పరికరం పాడవదు, కానీ చెత్త అక్షరాలు వస్తాయి. మార్చి చూడటానికి జంకకండి. మీ ఆటోపైలట్ మరీ పాతదై, వినేందుకు ఒకే డేటా తీగ, ఉమ్మడి నెగటివ్ మాత్రమే ఉంటే, గేట్‌వే ఏ తీగను దానికి కలపండి, నెగటివ్‌ను నెగటివ్‌కు కలపండి, బీ తీగను దేనికీ తగలకుండా టేపు చుట్టి వదిలేయండి. బీని నెగటివ్‌కు కలిపితే గేట్‌వే పంపే భాగం మీద అనవసర భారం పడుతుంది. 0183లో పంపేవారు ఒక్కరే, వినేవారు ఎందరైనా ఉండవచ్చు. రెండు పరికరాల పంపే తీగలను ఒకచోట ముడివేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. దానికి రెండింటి మాటలనూ ఒకే తీగలోకి కలిపే మల్టీప్లెక్సర్ కావాలి.

ఆటోపైలట్ నుంచి తిరిగి గేట్‌వేకు వెళ్ళే తీగల జతను మీకిప్పుడు కలపవద్దంటాను. అవి కలిపితే ఆటోపైలట్ దిశ నెట్‌వర్క్‌లోకి పోతుంది, మీ కొత్త దిక్సూచి దిశ కూడా అక్కడే ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ప్లాటర్ ఒకసారి ఒకదాన్ని, మరోసారి రెండోదాన్ని పట్టుకుంటే రాడార్ బొమ్మ చార్ట్ మీద ఊగిసలాడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, అడిగినవన్నీ అటూ ఇటూ తర్జుమా చేసే గేట్‌వే ఉంటే, నెట్‌వర్క్ నుంచి వెళ్ళిన సమాచారమే ఆటోపైలట్ మీదుగా తిరిగొచ్చి కొత్త సమాచారంలా కనబడుతుంది. అసలు సెన్సర్ చచ్చిపోయినా దాని ప్రతిధ్వని తిరుగుతూనే ఉంటుంది. ఒకే దిశలో పోయే తీగతో ఈ బెడదే ఉండదు. కొత్త దిక్సూచిని ప్లాటర్‌కు, రాడార్‌కు వాడుకోండి. పాతది ఆటోపైలట్ సొంతం. రెండింటి అంకెల మధ్య రెండు మూడు డిగ్రీల తేడా కనబడినా బెంగ వద్దు.

నెట్‌వర్క్ కేబుల్ సంగతి మీరు రాయలేదు కానీ, 'ఒక్కోసారి అందుకుంటోంది' అన్న మాట చదివాక అది కూడా చూడాలనిపించింది. ఎన్‌ఎంఈఏ 2000 అంటే ఒకే బ్యాక్‌బోన్ కేబుల్, దాని రెండు చివరలా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు, మధ్యలో టీ కనెక్టర్ల నుంచి ఒక్కో పరికరానికి కొమ్మ కేబుల్. కొమ్మ ఏదీ ఆరు మీటర్లు దాటకూడదు, కొమ్మలన్నీ కలిపి 78 మీటర్లు దాటకూడదు. సన్న కేబుల్‌తో వేసిన బ్యాక్‌బోన్ 100 మీటర్ల వరకే. నెట్‌వర్క్ కరెంటు పూర్తిగా ఆపి, ఖాళీగా ఉన్న ఒక కొమ్మ చివర తెల్ల తీగకు, నీలి తీగకు మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ లేదు, లేదా బ్యాక్‌బోన్ ఎక్కడో తెగింది. 40 వస్తే మూడు టెర్మినేటర్లు ఉన్నాయి. కొన్ని పరికరాల్లో టెర్మినేటర్ లోపలే ఉంటుంది, దాన్ని మరచిపోయి బయట ఇంకొకటి పెట్టి ఉంటారు. ఈ రెండు సందర్భాల్లోనూ చిన్న నెట్‌వర్క్ కొన్నిసార్లు పనిచేసినట్లే ఉంటుంది, అందుకే మోసపోతాం. కరెంటు ఇచ్చాక తెల్ల తీగ, నీలి తీగ రెండూ నల్ల తీగతో పోల్చితే రెండున్నర వోల్టుల చుట్టుపక్కల ఉండాలి, తెల్లది కొంచెం పైన, నీలిది కొంచెం కింద. ఎరుపు, నలుపు తీగల మధ్య 9 నుంచి 16 వోల్టులు నెట్‌వర్క్ ప్రమాణం. కేబుల్ చివరి పరికరం దగ్గర కొలిచి చూడండి, మొదట్లో కాదు.

కరెంటు సరఫరా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల నేను రెండు నెలలు తిప్పలు పడ్డాను. ఒక పడవలో ప్రశాంతమైన నీటిలో ఏ లోపమూ లేదు. అలలు పెద్దవవగానే ప్లాటర్ తెర ఒక్క క్షణం ఆరి వెలిగేది, ఆటోపైలట్ 'స్టాండ్‌బై' అంటూ చుక్కానిని వదిలేసేది. అంటే సరిగ్గా చేయి అవసరమైన క్షణంలోనే వదిలేసేది. చూస్తే నెట్‌వర్క్‌కు కరెంటు హైడ్రాలిక్ పంపు టెర్మినళ్ళ మీద నుంచే తీసుకున్నారు. బ్యాటరీ నుంచి పంపు దాకా ఆరు మీటర్లు, రానూ పోనూ పన్నెండు మీటర్లు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. దాని నిరోధం 0.084 ఓమ్‌లు. పంపు 20 ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు తీగలోనే పోతాయి. బ్యాటరీ దగ్గర 12.2 ఉంటే పంపు దగ్గర 10.5. పంపు కదలడం మొదలుపెట్టే క్షణంలో లాగే కరెంటు ఇంకా ఎక్కువ, అప్పుడు అంకె ఇంకా కిందికి దిగేది. పెద్ద అల వచ్చినప్పుడే పంపు గట్టిగా లాగుతుంది, అప్పుడే నెట్‌వర్క్ ఊపిరి ఆగేది. పది చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ 1.7 కాస్తా 0.4 అయింది. నెట్‌వర్క్‌కు ప్యానెల్ నుంచి సొంత ఫ్యూజుతో వేరే తీగ వేశాం. ఆ తర్వాత తెర ఎప్పుడూ ఆరలేదు. మీరు కూడా కోర్సు కంప్యూటర్‌కు, నెట్‌వర్క్‌కు వేర్వేరు బ్రేకర్లు పెట్టుకోండి. నెట్‌వర్క్ కేబుల్‌లోంచి మోటారు కరెంటు తీసుకోవాలన్న ఆలోచన అసలే వద్దు.

ప్లాటర్ తెర మీద నుంచే ఆటోపైలట్‌ను ఆన్, ఆఫ్ చేయవచ్చా అని కూడా అడిగారు. మీ విషయంలో కుదరదు. 0183 వాక్యాల్లో మార్గం చెప్పవచ్చు కానీ, ఆ ఆజ్ఞలు పాత ఆటోపైలట్లు వినవు. కొత్త ఆటోపైలట్లలో కూడా మార్గం అనుసరించడానికి ఉమ్మడి సందేశాలున్నా, ఆన్, ఆఫ్, పది డిగ్రీలు కుడికి వంటి ఆజ్ఞలకు చాలామంది తయారీదారులు సొంత సందేశాలే వాడుకుంటారు. ఒకరి ప్లాటర్ మరొకరి ఆటోపైలట్‌ను నడపలేకపోవడానికి కారణం ఇదే. నాకైతే ఇది లోటుగా అనిపించదు. ఆటోపైలట్ సొంత బటన్లు చుక్కాని చక్రం పక్కనే, చేతికి అందేలా ఉండటం అన్నిటికంటే భద్రం.

మీ ఆటోపైలట్ వెనక 0183 పోర్టుతో పాటు ఎరుపు, పసుపు, నలుపు లేదా కవచం తీగలతో మూడు పిన్నుల సాకెట్టు కూడా ఉంటే అది బహుశా రేమరీన్ వారి పాత సీటాక్. దాని వేగం కూడా 4800 కాబట్టి 0183 అని పొరబడి తీగలు కలిపేస్తుంటారు. రెండూ వేరు. సీటాక్‌లో అన్ని పరికరాలూ ఒకే పసుపు తీగ మీద మాట్లాడతాయి, అక్షరానికి తొమ్మిదో బిట్ కూడా ఉంటుంది. దానికి తగిన కన్వర్టర్ మీదుగానే 2000 నెట్‌వర్క్‌కు కలపాలి.

అంతా కలిపాక నీటి మీద పరీక్ష. చుట్టూ ఖాళీ ఉన్న చోట, లోతు ఉన్న చోట, మరొకరిని చూపు కోసం నిలబెట్టి, నెమ్మదిగా చేయండి. అర మైలు దూరంలో ఒక వేపాయింట్ (మార్గంలో చేరవలసిన బిందువు) పెట్టి ట్రాక్ మోడ్ నొక్కండి. మొదటిసారి ఆటోపైలట్ ఎటు తిరగబోతోందో మీరు ముందే చెప్పగలగాలి, చెప్పలేకపోతే నొక్కకండి. అది స్థిరపడ్డాక, గేట్‌వే ఫ్యూజు తీసేయండి. అవును, కావాలనే. కొన్ని సెకన్లలో అలారం మోగాలి, పడవ చివరి దిశలో సాగాలి లేదా ఆటోపైలట్ స్టాండ్‌బైకి రావాలి. మీ నమూనా ఈ రెండింటిలో ఏది చేస్తుందో ఈ రోజే మీ కళ్ళతో చూసి పెట్టుకోండి. తర్వాత ఫ్యూజు పెట్టి, ప్లాటర్‌లో ప్రయాణం రద్దు చేసి చూడండి. ఆపైన రెండు వేపాయింట్ల మార్గం పెట్టి, మొదటిది దాటినప్పుడు ఆటోపైలట్ మలుపుకు మీ అనుమతి అడుగుతుందా, తానే తిరిగేస్తుందా చూడండి. తానే తిరిగేదైతే ఇంకో పడవ పక్కన ఉన్నప్పుడు ఆ మలుపు ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరగా, ఆటోపైలట్ పనిచేస్తుండగా స్టాండ్‌బై నొక్కి చేత్తో చుక్కాని పట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలవండి. పడవలో ఉండే ప్రతి ఒక్కరి చేతా అది చేయించండి.

పెద్ద నౌకలకు వర్తించే సోలాస్ (సముద్రంలో ప్రాణ రక్షణ అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అధ్యాయంలోని 24వ నిబంధన కూడా ఇదే అడుగుతుంది: రద్దీలో, మసక వాతావరణంలో చేతి నియంత్రణ వెంటనే అందాలి, ఎక్కువసేపు ఆటోపైలట్ మీద నడిచాక చేతి స్టీరింగును పరీక్షించాలి. మీ పడవ ఎంత చిన్నదైనా దీన్ని పాటించండి. ట్రాక్ మోడ్‌లో ఉన్నప్పుడు కూడా చూపు నిలపవలసిన బాధ్యత మీదే. ప్లాటర్ గీసిన గీత మీద ఎదురుగా వచ్చే పడవ కనబడదు.

పాత దిక్సూచి బిగించి, నెట్‌వర్క్ ఆపి నడిపాక మూడు విషయాలు ఇక్కడ రాయండి: తెలుపు, నీలి తీగల మధ్య ఎన్ని ఓమ్‌లు వచ్చాయి, పంపు గట్టిగా లాగుతున్నప్పుడు కోర్సు కంప్యూటర్ టెర్మినళ్ళ దగ్గర ఎన్ని వోల్టులున్నాయి, గేట్‌వే నుంచి వస్తున్న ఏపీబీ వాక్యం ఒకటి ఉన్నదున్నట్లుగా. ఆటోపైలట్ నమూనా సంఖ్య కూడా చెబితే దాని వాక్యాల పట్టిక చూసి, గేట్‌వేలో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో కచ్చితంగా చెబుతాను.